సున్నం కాదు, వెల్ల

మొదటి రాత

నిద్ర: పట్టింది. ఆకలి: వేసింది. మనసు: నీకెందుకు.

ఈ మూడు గళ్ళూ డాక్టర్ నజీమా పెట్టినవి. ముందు వాటిని నింపాలట, ఆ కింద తోచింది రాయాలట. నాకు తోచినవన్నీ రాస్తే ఈ ఊళ్ళో సగం మంది ఒకరి మొహం ఒకరు చూసుకోలేరు, ఆలోచించుకోండి అన్నాను. నేను తప్ప ఎవరూ చదవరు, ధైర్యంగా రాయండి తాతగారూ అంది. పాఠకులు లేని రచయితగా నాకు దీర్ఘానుభవం ఉంది కాబట్టి ఒప్పుకున్నాను.

నాకు జబ్బని కనిపెట్టింది డాక్టరు కాదు, మా గుమ్మం. మేముండే ఈ ఏడో బుడగ ఊళ్ళో ప్రతి గుమ్మానికీ ఒక పలకరింపు దీపం ఉంది. లేవగానే అది 'బాగున్నారా?' అంటుంది. మన జవాబు విని రంగు మారుతుంది. బాగున్నాను అన్నవాడికి ఆకుపచ్చ, నసిగినవాడికి పసుపు. నాకెప్పుడూ ఎరుపే. 'ఏం బాగు నా మొహం, మీరు పోసే నీళ్ళ చారు తాగి బాగుండాలా' అంటే ఎరుపు. 'బతికే ఉన్నానని కమిటీకి చెప్పు, వాళ్ళ సంతోషం చెడిపోనీ' అన్నా ఎరుపే. వరసగా ఎరుపులు పడితే డాక్టరు దగ్గరికి పంపుతారు. ఈ యంత్రాన్ని తయారుచేసినవాడు తెలుగువాళ్ళను ఎప్పుడూ కలిసి ఉండడు.

నజీమా చాలాసేపు ప్రశ్నలు వేసింది. నిద్ర, తిండి, ఏడుపు, బద్ధకం, పాపం చేశానన్న భావన. నేను పాపం చెయ్యలేదు, నా చుట్టుపక్కలవాళ్ళు చేశారు అని వివరంగా చెప్పాను. ఇష్టమైన పనుల మీద ఆసక్తి తగ్గిందా అని అడిగింది. నాకిష్టమైన పని పక్కింటి కనకలింగాన్ని తిట్టడం, రోజూ శ్రద్ధగా చేస్తున్నాను అన్నాను. ఆ పిల్ల పలక పక్కన పెట్టి, "మీకు డిప్రెషన్ లేదు తాతగారూ. మీరు ఇంతే" అంది.

నా జీవితంలో నా గురించి వచ్చిన ఏకైక నిష్పక్షపాత సమీక్ష ఇది. కానీ ఎరుపు పడ్డవాడు వారానికోసారి రావాలని నియమం ఉందట. అందుకే ఈ రాత.

రెండో రాత

నిద్ర: పట్టింది. ఆకలి: రెండుసార్లు. మనసు: ఉంది.

ఈ వేళ మా వంతు. శుక్రుడి మబ్బుల్లో తేలుతూ బతకడమంటే కరపత్రాల్లో రాసినంత సొగసుగా ఉండదు. బయట ఆమ్లపు తుంపర ఆగదు. అది బుడగ తోలును కొరికెయ్యకుండా పైన తెల్లగా పూస్తూనే ఉండాలి. తొట్లలో పెంచిన ఆల్చిప్పల మాంసం మేం తింటాం. గుల్లలు కాల్చి, నీళ్ళు పోసి, ఆ చిక్కటి తెల్లనీళ్ళను బుడగకు తాగిస్తాం. వయసులో ఉన్నవాళ్ళు బుడగ నడినెత్తికి ఎక్కుతారు. ముసలివాళ్ళకు బయట కింది అంచున వేలాడే నడవ. ముసుగు వేసుకుని ఒకడు కుంచె పడితే, వాడి నడుముకు కట్టిన తాడు ఇంకొకడు పట్టాలి.

నా తాడు పట్టేవాడు కనకలింగం. మాకిద్దరికీ పడదని ఊరంతటికీ తెలుసు. అందుకే ఊరి కమిటీ అధ్యక్షురాలు రత్నమాణిక్యం మమ్మల్ని జంట చేసింది. ఎదుటివాడు జారిపోతే తిట్టుకోవడానికి మనిషి ఉండడు గనక ఇద్దరూ తాడు గట్టిగా పట్టుకుంటారని ఆవిడ సిద్ధాంతం. అది తప్పని ఇంతవరకూ నేను నిరూపించలేకపోయాను.

మా గొడవ ఒక్క మాట మీద. ఈ పనిని వెల్ల వేయడం అనాలి. సున్నం సరుకు, వెల్ల పని. తమలపాకుకు రాసేది సున్నం, గోడకు వేసేది వెల్ల. ఇంత తేలిక. కనకలింగం ఒప్పుకోడు. వేసేది సున్నమైతే పనీ సున్నమే, ఇడ్లీ తిన్నవాడు తెలుపు తిన్నానంటాడా అంటాడు. ఊరు కట్టిన కొత్తలో పనులకు పేర్లు పెడుతుంటే, నేను మాండలికాలతో సహా పెద్ద వ్యాసం రాసుకెళ్ళి కమిటీ ముందు పూర్తిగా చదివాను. ఇద్దరు నిద్రపోయారు. తర్వాత వాడు లేచి, 'సున్నం' అని కూర్చున్నాడు. చప్పట్లు. 'సున్నం శాఖ' అని బోర్డు రాయించేశారు. బయటికొచ్చాక నేను వాడి చదువు గురించి ఒక మాట అన్నాను. "నిన్ను సున్నంలోకి ఎముక లేకుండా తంతాను" అన్నాడు వాడు. చూశారా, తిట్టులో కూడా ప్రచారమే.

అప్పటినుంచీ ప్రతి వంతుకూ నేను 'పద, వెల్ల వేద్దాం' అంటాను. వాడు 'సున్నం' అంటాడు. ఆ తర్వాతే ముసుగులు తగిలించుకుంటాం.

ఈ వేళ నేను నా మాట అన్నాను. వాడు ముసుగు తగిలించుకున్నాడు.

వినిపించలేదేమో అనుకుని మళ్ళీ అన్నాను. తలూపాడు. ముసలితనం, చెవులు పోతున్నాయి అని లోపల కొంచెం సంతోషించాను.

మూడో రాత

నిద్ర: పట్టలేదు. ఆకలి: ఏదో. మనసు: చిరాకు.

చెవులు పోలేదు.

ఈ వంతుకు వాడి ముందు నిలబడి, పెదాలు కదిలేది కనబడేలా, 'వెల్ల' అన్నాను. వాడు బకెట్టు కింద పెట్టి, "వెల్లే అనుకో పానకాలూ. ఏదైతే ఏముందిలే" అన్నాడు.

గెలిచాను. సగం జీవితం ఎదురుచూసిన రోజు. ఇలాంటి రోజు కోసం ఒక ఉపన్యాసం కూడా తయారుచేసి పెట్టుకున్నాను, అందులో మూడు శ్లేషలు ఉన్నాయి. ఒక్కటీ నోటికి రాలేదు. వాడు పూసిన చోట చారలు చారలుగా ఉంది. వాడు అలా పూయడు. మాట తప్పు గానీ వాడి చెయ్యి తప్పు కాదు, ఈ సంగతి నేను ఎక్కడా అనలేదు.

ఇంటికొచ్చి మా ఆవిడ వరహాలమ్మతో, కనకలింగం ఒప్పుకున్నాడు, వెల్లే అన్నాడు అని చెప్పాను. ఆవిడ చేస్తున్న పని ఆపేసింది. "అయ్యో, అన్నయ్యగారికి ఏమైందండీ?" అంది.

అప్పుడు చెప్పింది. గోంగూర పచ్చడి పంపితే గిన్నె అలాగే తిరిగొచ్చిందట. పోయిన చుట్టులోనూ అంతేనట. మాకు చుట్టు అంటే గాలి ఈ బుడగను గ్రహం చుట్టూ ఒకసారి తిప్పుకొచ్చేంత కాలం, రెండు రోజుల వెలుగు, రెండు రోజుల చీకటి. అంటే గిన్నె మొదటిసారి తిరిగొచ్చి వారం కావస్తోంది. గోంగూరను కాదన్నవాడు ఈ బుడగలో ఇంకొకడు లేడు.

నేను చేసిందల్లా ఇది. మా రెండిళ్ళకూ గోడ ఒక్కటే. పొద్దున గోడకు చెవి ఆనించాను. వాడి గుమ్మం 'బాగున్నారా?' అంది. కాసేపు ఏమీ లేదు. తర్వాత వాడి గొంతు, 'బాగున్నాను.' బయటికొచ్చి చూస్తే వాడి దీపం చిలకలా పచ్చగా మెరుస్తోంది. దాని పక్కన నాది ఎర్రగా.

నాలుగో రాత

నిద్ర: లేదు. ఆకలి: లేదు. మనసు: తర్వాత చెబుతాను.

వాడికి వైద్యం నేనే చేద్దామనుకున్నాను. చదువుకున్నవాణ్ణి. విషాదం గురించి పెద్దలు రాసినవన్నీ నా అరల్లో ఉన్నాయి. వాటిలోంచి మంచి ముక్కలు ఏరి వాడి మంచం పక్కన కూర్చుని చదివాను. జీవితం క్షణభంగురం అన్న చోట వాడు 'అవును' అన్నాడు. ఆ పుస్తకం మూసేశాను.

తర్వాత ధైర్యం చెప్పాను. మగాడివి, లేచి నిలబడు, నీకేం తక్కువ అన్నాను. 'అదే, ఏమీ తక్కువ లేదు' అన్నాడు, అదీ తన తప్పే అయినట్టు. చివరికి నా ఆఖరి మందు తీశాను. నువ్వు కుంచె పట్టే తీరు చూస్తే చారులో గరిటె తిప్పుతున్నట్టుంటుంది అన్నాను. ఇంతకన్నా తక్కువ మాటకు వాడు గతంలో నా మీద బకెట్టు విసిరాడు.

"అవునోయ్" అన్నాడు. లేచి, గోడకు తగిలించిన కుంచె తీసి నా చేతిలో పెట్టాడు. తాటినారతో కట్టిన కుంచె అది. భూమ్మీంచి వచ్చేటప్పుడు వాళ్ళమ్మ చీరల మధ్య దాచి తెచ్చింది. దాన్ని ఇంతవరకూ ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. నేను ఒకసారి దాని దగ్గరగా తుమ్మినందుకు కమిటీకి ఫిర్యాదు చేశాడు.

"నువ్వే ఉంచుకో. నాకింక పని లేదు" అన్నాడు.

బయట ఎండ పగిలిపోతోంది. నాకు చలేసింది.

ఐదో రాత

మూడు గళ్ళూ ఖాళీగా వదిలేస్తున్నాను. ఈ వేళ నేను రోగిని కాను.

నా పేరు పిలవగానే నజీమా గదిలోకి వెళ్ళి కుంచె బల్ల మీద పెట్టాను. జరిగింది చెప్పాను. ఆ పిల్ల మొహంలో నవ్వు పోయింది. ఎన్నాళ్ళనుంచి, తింటున్నాడా, పడుకుంటున్నాడా, నడక నెమ్మదించిందా అని వరసగా అడిగింది. అవే ప్రశ్నలు మొన్న నన్ను అడిగితే హాస్యమాడాను. ఇప్పుడు ఒక్కోదానికీ ఉన్న జవాబే చెప్పాను.

వాడికేం జరిగిందని ఇలా అయ్యాడు అని అడిగాను. ఎవరూ చావలేదు, ఏ నష్టమూ రాలేదు, మూడో బుడగలో కూతురు సుఖంగా ఉంది. ఏమీ జరగక్కర్లేదు అంది నజీమా. ఒక్కోసారి జరిగినదాని తర్వాత వస్తుందట, ఒక్కోసారి ఊరికే వస్తుందట. షుగరు వచ్చినవాణ్ణి ఏం బాధ కలిగి తెచ్చుకున్నావని అడగం కదా అంది. ఇది బలహీనతా కాదు, బద్ధకమూ కాదు. లేచి నిలబడు అనడం, కాలు విరిగినవాడితో అన్నట్టేనట. నేను కిటికీలోంచి మబ్బులు చూశాను.

"మరి ఆ దీపం పచ్చగా ఎందుకుంది?" అన్నాను.

"అది మాటను వింటుంది తాతగారూ. మనిషి తన మామూలుకు ఎంత దూరం జరిగాడో దానికి తెలీదు. ఆయన మామూలేమిటో మీకు తెలుసు."

ఇన్నేళ్ళ శత్రుత్వానికి మొదటిసారి ఒక ఉపయోగం కనబడింది.

నజీమా లేచి, నేనే వస్తాను, కానీ ఆయన తలుపు తీసి నాక్కూడా బాగున్నాను అంటారేమో, ఆయన ఎవరితో నిజం చెబుతారు అని అడిగింది. నాతో మొహమాటానికైనా అబద్ధం ఆడడు, మా గొడవే అది అన్నాను. అయితే మీరు ఒకటి అడగాలి అంది. చచ్చిపోవాలనిపిస్తోందా అని, తిప్పి తిప్పి కాకుండా, ఆ మాటతోనే. నేను కంగారుపడ్డాను. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు కాదా అన్నాను. పుట్టదు అంది. ఉన్నదైతే బయటికొస్తుంది, చెప్పుకున్నవాడికి కొంచెం ఊపిరాడుతుంది. ఏ జవాబు వచ్చినా ఒంటరిగా వదిలి రావద్దు, వెంటనే నా దగ్గరికి తీసుకురండి, లేదా నన్ను పిలవండి అంది. అడిగాక వినాలి, వాదించకూడదు.

ఆ ఆఖరిది రెండుసార్లు చెప్పించుకున్నాను.

ఆరో రాత

అటునుంచి అటే వాడింటికి వెళ్ళాను. మంచం మీద గోడవైపు తిరిగి ఉన్నాడు. కుంచె తీసుకెళ్ళి దాని మేకుకు తగిలించాను. వాడు తిరిగి చూడలేదు.

కుర్చీ లాక్కున్నాను. నోరు పెగల్లేదు. జీవితమంతా నోటితో బతికినవాణ్ణి.

"లింగం, చచ్చిపోవాలనిపిస్తోందా?"

అడిగేసి నజీమాను, ఆమె చదువును, నన్ను, వరసగా తిట్టుకున్నాను. అప్పుడు వాడు ఇటు తిరిగాడు.

"పోవాలని కాదు. లేకపోతే బావుండుననిపిస్తోంది. నడవలో నుంచుంటే కిందికి చూస్తూ ఉండిపోతున్నాను. తాడు నీ చేతిలో ఉంది కదా, నిన్నూ లాగుతానేమోనని వెనక్కొస్తున్నాను."

వాదించడానికి నా దగ్గర నూరు మాటలు లేచాయి. ఒక్కటీ వదల్లేదు. వాడే ఇంకా చెప్పాడు. దుఃఖం కాదోయ్ అన్నాడు, దుఃఖమైతే ఏడ్చి లేచేవాణ్ణి. లేవబోతే మంచం నా మీద ఉన్నట్టుంటుంది. పచ్చడి నోట్లో పెట్టుకుంటే గుల్లపొడి నమిలినట్టుంటుంది. నీ గొంతు వినబడితే ముందులా ఒళ్ళు మండటం లేదు, అదే అన్నిటికంటే భయమేసింది అన్నాడు.

మరి ఆ దీపానికి రోజూ బాగున్నానని ఎందుకు చెబుతున్నావు అన్నాను.

"బాగున్నాను అంటే అది ఇంకేమీ అడగదు."

లే, నజీమా దగ్గరికి పోదాం అన్నాను. రాలేను అన్నాడు. నేనూ కూర్చున్నాను. కాసేపయ్యాక, నువ్వు రాకపోతే నా వ్యాసం మొత్తం చదువుతాను, మాండలికాలతో సహా, అన్నాను. వాడి పెదవి కొంచెం కదిలింది. నవ్వని చెప్పను. లేచాడు.

దారి పొడుగునా వాడి చెయ్యి పట్టుకునే నడిచాను. జనం తలుపుల్లోంచి చూశారు. చూడనీ. ఇన్నేళ్ళుగా తాడు పట్టిన చెయ్యే గనక నాకు కొత్తేమీ అనిపించలేదు.

ఏడో రాత

నిద్ర: పడుతోంది. ఆకలి: ఉంది. మనసు: కనకలింగం మా హాల్లో పడుకుని గురక పెడుతున్నాడు, ఇంకేం మనసు.

నజీమా వాడితో చాలాసేపు ఒంటరిగా మాట్లాడింది. మాత్రలు మొదలుపెట్టింది. రెండ్రోజులకోసారి తన దగ్గర కూర్చుని మాట్లాడాలి. కొన్నాళ్ళు ఒంటరిగా ఉండకూడదు, నడవ పనికి వెళ్ళకూడదు. అందుకని మా ఇంటికి తెచ్చాం. వరహాలమ్మ వాడికి కొసరి కొసరి పెట్టకుండా, రెండు ముద్దలు పెట్టి ఊరుకుంటోంది. తినమని నేను బలవంతం చేస్తే నాకు గరిటె చూపిస్తోంది.

ఈ మాత్ర ఎప్పటికి పనిచేస్తుందని అడిగాను. కొన్ని వారాలు పట్టొచ్చు అంది నజీమా. ఆమ్లం మీద సున్నం పడితే క్షణంలో పనిచేస్తుంది, వారాలేమిటి అన్నాను. అన్నాక గానీ చూసుకోలేదు. వెల్ల పడితే. వెల్ల. ఈ ఇంట్లో వాడి గాలి సోకుతోంది.

ఇంతలో రత్నమాణిక్యం వచ్చింది. బోర్డుల రంగు మాసిపోయిందట, అన్నీ మళ్ళీ రాయిస్తున్నారట. కనకలింగం గారు అభ్యంతరం లేదన్నారు, ఈసారి 'వెల్ల శాఖ' అని రాయించెయ్యమంటారా అని నన్ను అడిగింది. కాగితం కూడా తెచ్చింది, నేను ఒక్క సంతకం పెడితే చాలు.

వాడు హాల్లోనే ఉన్నాడు. అవును, రాయించెయ్యండి అన్నాడు గోడవైపు చూస్తూ.

వాయిదా వెయ్యండి అన్నాను. ఆవిడకు అర్థం కాలేదు. ఇన్నేళ్ళుగా ప్రతి సమావేశంలో మా ప్రాణాలు తీసింది దీనికే కదండీ అంది. అవతలివాడికి జ్వరంగా ఉండగా ఆట గెలవడం నాకు చేతకాదు, వాడు లేచి కూర్చుని కాదన్నాక అప్పుడు గెలుస్తాను అన్నాను. ఆవిడ కాగితం మడిచి, పనిలో పనిగా ఆకుపచ్చ దీపం ఉన్నవాళ్ళను రోగులని అనడం వల్ల దీపాల మీద జనానికి నమ్మకం పోతుందేమో అని గొణిగింది. పోవాలనే నా కోరిక అన్నాను. నా ఎరుపుల పరంపరలో అది ఒకటి.

ఎనిమిదో రాత

నిద్ర: పట్టింది. ఆకలి: వేసింది. మనసు: పైకీ కిందికీ.

ఐదు చుట్లు గడిచాయి. మొన్న వాడు గోంగూర అడిగాడు. మా ఆవిడ పక్కగదిలోకి వెళ్ళి కళ్ళు తుడుచుకుని వచ్చి వడ్డించింది. నిన్న మళ్ళీ మంచం దిగలేదు. నేను కంగారుపడి నజీమా దగ్గరికి పరుగెత్తాను. ఇలాగే ఉంటుంది తాతగారూ అంది, ఇది మెట్లెక్కినట్టు ఉండదు, ఒక మంచిరోజు తర్వాత చెడ్డరోజు వచ్చిందంటే మొదటికొచ్చినట్టు కాదు. మాత్ర మాత్రం మానకూడదు, బాగున్నట్టనిపించినా సరే, నేను చెప్పేదాకా నెలల తరబడి వేసుకోవాలి అంది.

ఈ వేళ వాడు హాల్లో కూర్చుని నా అరల్లో పుస్తకాలు చూస్తున్నాడు. ఇన్ని కొన్నావు, ఒక్కటైనా చదివావా అన్నాడు.

నేను గబగబా వంటింట్లోకి వెళ్ళిపోయాను. అప్పటి నా మొహం వాడికి చూపించడం నాకిష్టం లేదు.

దీపాల విషయంలో నజీమా కమిటీతో పోట్లాడి ఒక మార్పు తెచ్చింది. ఇకమీద జవాబు మంచిదా చెడ్డదా అని కాక, నిన్నటికీ ఇవాళ్టికీ మనిషి మారాడా అని చూస్తుందట. అంటే నేను రోజూ తిడితే నాకు పచ్చే. ఈ వయసులో పచ్చదీపం కింద బతకాల్సి వస్తుందని కలలో కూడా అనుకోలేదు.

తొమ్మిదో రాత

నిద్ర, ఆకలి, మనసు: మూడూ ఉన్నాయి, డాక్టరు గారూ. వినండి.

వాడు తనింటికి వెళ్ళి వారమైంది. ఈ పొద్దున కాఫీ తాగుతుంటే అవతలి గుమ్మం 'బాగున్నారా?' అంది. అలవాటుగా గోడకు చెవి ఆనించాను. వరహాలమ్మ కూడా వచ్చి ఆనించింది.

నేను గ్లాసు కింద పెట్టాను. అప్పుడు వాడి గొంతు వచ్చింది, పాత గొంతు, గుల్లల బట్టీలా బొంగురుగా.

"ఏం బాగు? మాత్రలేసుకుంటే నోరెండిపోతోంది. మోకాళ్ళు పట్టేశాయి. మీ కాఫీ కడుగునీళ్ళలా ఉంది. పైగా పక్కింట్లో ఒకడున్నాడు, నా కుంచె నా ఇంట్లో ఉండగా నన్నడక్కుండా దానికి నూనె రాసి దువ్వాడు. తాటినారకు నూనె రాస్తారా ఎవరైనా? వెల్లంట, వెల్ల. వాణ్ణి సున్నంలోకి ఎముక లేకుండా తన్నాలి."

దీపం ఒక్క ఉదుటున ఎర్రబడింది. కొత్త పద్ధతి ప్రకారం అది సరైన రంగే, మనిషి నిన్నటికి ఇవాళ్టికి మారాడు. వరస మొత్తం తలుపులు తీసుకుని బయటికొచ్చింది. ఎదురింటివాళ్ళు చప్పట్లు కొట్టారు. చప్పట్లు విని మీరూ వచ్చి, ఎర్రదీపం కింద నిలబడి నవ్వారు, ఆ వెంటనే మాత్ర వేసుకున్నారా అని అడిగి వాడి నోరు తెరిపించి చూశారు. ఇది అయిపోయినట్టు కాదు, ఈ వారం కూడా రావాలి అని ఇద్దరికీ చెప్పారు.

నడవ పనికి ఇంకా అనుమతి లేదు గానీ వాడు గుమ్మంలో నిలబడి, బోర్డు ఏమైంది, నేను పడుకుని ఉండగా మార్పించేశావా అని నా మీద కేకలేశాడు. వాయిదా పడింది అన్నాను. వచ్చే సమావేశంలో ఓడిస్తాను అన్నాడు. చూద్దాం అన్నాను. వ్యాసం మళ్ళీ మొదటినుంచి రాస్తున్నాను, ఈసారి ఇంకా పెద్దది.

అది రాస్తూ ఒక చిక్కులో పడ్డాను. వాడి తిట్టుకు జవాబుగా, గోడ ఇవతలనుంచి నేనూ అదే తిట్టు తిట్టబోయాను, నా మాట పెట్టి. వెల్లలోకి ఎముక లేకుండా. రెండుసార్లు అన్నాను, మూడోసారి మెల్లగా అన్నాను. కుదరదు. ఆ తిట్టులో సున్నమే కావాలి.

ఈ సంగతి మీకు చెప్పాను, డాక్టరు గారూ. వాడికి చెప్పకండి.